రామన్‌తో క్యాన్సర్ కణాలు: 98 శాతం వచ్చింది, సంబరపడాలా?

రాత్రి_ల్యాబ్ (సోమవారం, రాత్రి 11.40)

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడు. రెండు రకాల రొమ్ము కణాలు పెంచుతున్నాను. ఎంసీఎఫ్-10ఏ అంటే మామూలువి, ఎంసీఎఫ్-7 అంటే క్యాన్సర్‌వి. 785 నానోమీటర్ల లేజర్ పెట్టి, కణానికి 10 సెకన్ల చొప్పున రామన్ స్పెక్ట్రాలు (చెదిరిన వెలుతురులో ఏ రంగు ఎంత ఉందో చూపే గ్రాఫులు) తీశాను. ఒక్కో రకానికి 200. బేస్‌లైన్ (గ్రాఫు కింద పరుచుకునే అనవసరపు వెలుగు) తీసేసి, నార్మలైజ్ చేసి (అన్నిటినీ ఒకే కొలతకి తెచ్చి), పీసీఏకి (తేడాలను కొన్ని కాంపొనెంట్లుగా, అంటే ముఖ్య భాగాలుగా, కుదించే లెక్క) ఇచ్చి, దాని మీద ఎస్‌వీఎం (రెండు రకాలను విడదీయడం నేర్చుకునే ప్రోగ్రామ్) నడిపాను. 98 శాతం కరెక్టుగా చెబుతోంది. మా గైడ్ పేపరు మొదలుపెట్టేయమంటున్నారు. నాకే ఎక్కడో గుచ్చుకుంటోంది. ఇంత సులువుగా వచ్చేదైతే ఈపాటికి అందరి దగ్గరా ఉండాలి కదా?

తరంగం (మంగళవారం, ఉదయం 6.15)

ఆ గుచ్చుకోవడం మంచిదే తమ్ముడూ, దాన్ని పోనివ్వకు. నాలుగు ప్రశ్నలు. రెండు రకాలూ ఒకే రోజు తీశావా? స్లైడ్ ఏమిటి, మామూలు గాజా? రెండిటికీ ఒకే మీడియమా (కణాలు పెంచే ద్రవం)? టెస్టుకి పక్కన పెట్టిన స్పెక్ట్రాలు ట్రైనింగ్‌లో ఉన్న స్లైడ్ల నుంచే వచ్చాయా?

రాత్రి_ల్యాబ్ (మంగళవారం, ఉదయం 9.02)

మామూలువి ఒక వారం, క్యాన్సర్‌వి తర్వాత వారం తీశాను అన్నా. స్లైడ్ గాజుదే. మీడియం వేరు, 10ఏకి గుర్రం సీరమ్ (రక్తంలోని ద్రవం), ఇన్సులిన్, ఈజీఎఫ్ (కణం పెరగడానికి తోడ్పడే ప్రోటీన్) అన్నీ కలిపింది కావాలి, ఎంసీఎఫ్-7కి అవన్నీ అక్కర్లేదు. టెస్టుకి 20 శాతం ర్యాండమ్‌గా తీశాను. అంటే… ఆ స్లైడ్ల నుంచే.

డేటా_దాసు (మంగళవారం, ఉదయం 9.20)

అయిపోయింది. మూడు చోట్ల లీకు, అంటే జవాబు ముందే బయటపడే దారి: వేరే వారాలు, వేరే మీడియం, అవే స్లైడ్లు. నీ మోడల్‌కి క్యాన్సర్ అంటే ఏంటో తెలియాల్సిన అవసరమే రాలేదు బ్రో. "ఇది మొదటి వారమా, రెండో వారమా" అని కనిపెడితే చాలు, 98 వచ్చేస్తుంది. ఒకే స్లైడ్ మీది కణాలు అన్నదమ్ముల్లాంటివి. సగం మంది ట్రైనింగ్‌లో, సగం మంది టెస్టులో కూర్చుంటే అది పరీక్ష కాదు, చూచిరాత.

కొత్తగా_చేరా (మంగళవారం, మధ్యాహ్నం 1.10)

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకు బేసిక్స్ రావు. అసలు రామన్‌లో కణం గురించి ఏం కనిపిస్తుంది? క్యాన్సర్‌కి ఒక ప్రత్యేకమైన పీక్, అంటే గ్రాఫులో పైకి లేచే మొన, ఉంటుందా?

తరంగం (మంగళవారం, మధ్యాహ్నం 2.45)

ఉండదు. ఈ రంగంలో ముందు వదులుకోవాల్సిన ఆశ అదే.

కణం మీద లేజర్ వేస్తే చెదిరిన వెలుతురు దాదాపు అంతా అదే రంగులో వెనక్కి వస్తుంది. కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో మాత్రం అక్కడి అణువుని కదిలించి, ఆ కదలికకి కావలసినంత శక్తి పోగొట్టుకుని, కాస్త ఎర్రబడి బయటికొస్తుంది. సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ 1928లో పట్టుకున్నది ఆ ఒక్కదాన్నే. ఎంత శక్తి పోయిందన్నది ఏ బంధం కంపించిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1003 దగ్గర సన్నగా నిటారుగా నిలబడే పీక్ ఫినైల్ అలనిన్‌ది, అంటే ప్రోటీన్. 1655 చుట్టుపక్కల వెడల్పుగా ఉండేది అమైడ్-1, అదీ ప్రధానంగా ప్రోటీనే. 1445 దగ్గర కొవ్వులు, ప్రోటీన్లు రెండూ కలిసి ఉంటాయి. 785 దగ్గర, 1092 దగ్గర డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ. (ఇవన్నీ వేవ్‌నంబర్లు, సెంటీమీటర్‌కి ఇన్ని అని.)

ఇవన్నీ మామూలు కణంలోనూ ఉంటాయి, క్యాన్సర్ కణంలోనూ ఉంటాయి. సరుకు అదే, పాళ్లు మారతాయి. కేంద్రకం పెద్దదై, విభజన జోరుగా సాగుతుంటే డీఎన్‌ఏ వాటా కాస్త పెరుగుతుంది. కొవ్వుల తీరు మారుతుంది. ఆ "కాస్త"ని పట్టుకోవడమే పని. ఆ కాస్త కంటే పెద్ద తేడాలు గాజు వల్ల, మీడియం వల్ల, లేజర్ వేడెక్కిన తీరు వల్ల వచ్చేస్తుంటాయి. ఇక్కడ జరిగింది అదే అని నా అనుమానం.

కొత్తగా_చేరా (మంగళవారం, మధ్యాహ్నం 3.05)

థాంక్స్ అండి. లేజర్ 785, డీఎన్‌ఏ పీక్ కూడా 785. అది లేజరే కనబడుతోంది అనుకోవచ్చా?

తరంగం (మంగళవారం, మధ్యాహ్నం 3.30)

మంచి ప్రశ్న, నా మొదటి ఏడాది నేనూ ఇక్కడే తికమకపడ్డాను. కేవలం కాకతాళీయం. లేజర్ 785 అంటే తరంగదైర్ఘ్యం, నానోమీటర్లలో. పీక్ 785 అంటే లేజర్ నుంచి ఎంత జరిగిందన్న లెక్క. 785 నానోమీటర్ల లేజర్‌తో ఆ డీఎన్‌ఏ పీక్ నిజంగా డిటెక్టర్ మీద పడేది 837 నానోమీటర్ల దగ్గర. లేజర్‌ని 532కి మార్చినా పీక్ మాత్రం 785 అనే చూపిస్తుంది.

రాత్రి_ల్యాబ్ (మంగళవారం, రాత్రి 10.50)

పీసీఏ లోడింగ్స్ (ఏ పీక్ వల్ల తేడా వస్తోందో చూపేవి) ఇప్పుడే మళ్లీ చూశాను. రెండు రకాల్నీ ఎక్కువగా విడదీస్తున్నది రెండో కాంపొనెంట్. అందులో 1003 దగ్గర చిన్న ముల్లు ఉంది. కానీ అన్నిటికంటే పెద్దది 1400 చుట్టూ గుట్టలా లేచింది, దాదాపు 300 వెడల్పు. ఏ అణువుదో అర్థం కావట్లేదు. అంత వెడల్పున్న జీవరసాయన పీక్ నేనెక్కడా చదవలేదు.

తరంగం (మంగళవారం, రాత్రి 11.05)

అది ఏ కణంలోనూ ఉండదు తమ్ముడూ. అది నీ గాజు. 785 లేజర్ పడితే మామూలు గాజు వెలిగే వెలుగు సరిగ్గా అక్కడే, 1400 చుట్టుపక్కలే, మూపురంలా లేస్తుంది. బేస్‌లైన్‌కి ఎన్నో డిగ్రీ పాలినామియల్ (వంపు గీత సూత్రం) వేశావు?

రాత్రి_ల్యాబ్ (మంగళవారం, రాత్రి 11.12)

ఐదు.

తరంగం (మంగళవారం, రాత్రి 11.20)

ఐదుకి ఆ మూపురం పూర్తిగా లొంగదు, కొంత మిగిలిపోతుంది. అలా మిగిలిందాన్ని నార్మలైజ్ చేస్తే మిగతా పీకులన్నీ దాన్ని బట్టి పైకీ కిందికీ కదులుతాయి. ఇప్పుడు చెప్పు, మైక్రోస్కోపులో 10ఏ కణాలు ఎలా ఉన్నాయి, ఎంసీఎఫ్-7 ఎలా ఉన్నాయి?

రాత్రి_ల్యాబ్ (మంగళవారం, రాత్రి 11.31)

10ఏ పల్చగా పరుచుకుంటాయి, అంచు ఎక్కడో వెతుక్కోవాలి. ఎంసీఎఫ్-7 గుంపులు గుంపులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా…

ఓ. ఓ. అర్థమైంది.

డేటా_దాసు (మంగళవారం, రాత్రి 11.33)

పల్చటి కణం కింద గాజు ఎక్కువ కనబడుతుంది. మందంగా ఉన్నదాని కింద తక్కువ. మోడల్ నేర్చుకున్నది మందం. శుభం.

ఒక పని చెయ్యి. కణాలేం లేని ఖాళీ స్లైడ్ మీద ఓ నలభై స్పెక్ట్రాలు తీసి, అదే ప్రాసెసింగ్‌లో తిప్పి, మోడల్‌కి ఇచ్చి చూడు. ఏమంటుందో ఇక్కడ రాయి.

రాత్రి_ల్యాబ్ (బుధవారం, మధ్యాహ్నం 12.25)

చేశాను. ఖాళీ గాజు. కడిగి, ఆరబెట్టి, దుమ్ము కూడా లేని గాజు. 40కి 40 "మామూలు రొమ్ము కణం" అంది. సగటు నమ్మకం (1 అంటే పూర్తి ధీమా) 0.99.

పక్కనున్న జూనియర్ స్క్రీన్ చూసి "అన్నా, గాజుకి క్యాన్సర్ లేదట, అదృష్టవంతురాలు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గైడ్‌కి ఇంకా చెప్పలేదు.

సూక్ష్మదర్శిని (బుధవారం, సాయంత్రం 5.40)

నేను పాథాలజిస్టుని (కణజాలం చూసి జబ్బు తేల్చే డాక్టర్ని), ఈ థ్రెడ్ మొదటి నుంచీ చదువుతున్నాను. బాబూ, సిగ్గుపడాల్సిందేం లేదు. మా దగ్గరికి ఇలాంటి మోడళ్లు తెచ్చేవాళ్లలో ఖాళీ స్లైడ్ పెట్టి చూసుకున్నవాళ్లు నాకైతే ఇంతవరకూ తగల్లేదు. ఆ ఫలితాన్ని పేపర్లో ఒక బొమ్మగా పెట్టు, నేనైతే ముందు ఆ బొమ్మే చూస్తాను.

ఇంకో మాట. గాజు సంగతి సర్దుకున్నాక కూడా నువ్వు పోల్చేది రెండు సెల్ లైన్లని (ల్యాబులో తరతరాలుగా పెంచుకొచ్చే కణాలని). ఎంసీఎఫ్-7 అర్ధశతాబ్దం కిందట ఒకే ఒక్కరి ఛాతీ నీటిలోంచి తీసినవి. ప్రపంచమంతా పెరుగుతున్నది ఆ ఒక్కరి కణాలే. 10ఏ ఇంకొకరివి. అంటే నీ దగ్గరున్నది 400 శాంపిల్స్ కాదు, ఇద్దరు మనుషులు. ఈ రెండు లైన్లకీ తేడా చెప్పగలిగినంత మాత్రాన క్యాన్సర్‌కీ మామూలుకీ తేడా చెప్పినట్టు కాదు.

అసలు కణజాలంలోకి వస్తే ఇంకో చిక్కు. ఆరోగ్యంగా ఉన్న రొమ్ములో కొవ్వే ఎక్కువ. గడ్డలో కొల్లాజెన్ (పీచులాంటి ప్రోటీన్), కణాలు ఎక్కువ. రామన్‌కి కొవ్వు అద్భుతంగా కనబడుతుంది కాబట్టి 95 శాతం, 96 శాతం అని అంకెలు వచ్చేస్తాయి. కానీ కొవ్వుకీ గడ్డకీ తేడా చెప్పడానికి నాకు లేజర్ ఎందుకు? మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, వేలితో నొక్కితే తెలుస్తుంది. నాకు కావలసింది ఫైబ్రోఎడినోమాకీ (క్యాన్సర్ కాని ఒక రకం గడ్డ) క్యాన్సర్‌కీ తేడా. వాపు వచ్చిన కణజాలానికీ క్యాన్సర్ అంచుకీ తేడా. అక్కడికొచ్చేసరికి చాలామంది నోరు మెదపరు.

నిమ్మళంలేదు (బుధవారం, రాత్రి 8.15)

క్షమించండి, నాకు సైన్స్ తెలియదు, వెతుకుతుంటే ఈ పేజీ దొరికింది. మా అక్కకి రొమ్ములో గడ్డ. డాక్టరు సూదితో ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. అక్క భయపడి వద్దంటోంది. సూది లేకుండా లైటుతోనే చెప్పే పరీక్ష ఉందని ఎవరో చెప్పారట. నిజమేనా? ఉంటే ఆ సూది తప్పించవచ్చా?

సూక్ష్మదర్శిని (బుధవారం, రాత్రి 8.40)

అమ్మా, సూది తప్పించవద్దు. అక్కకి ఈ మాటలు చదివి వినిపించండి.

మేం ఇక్కడ మాట్లాడుకునేవి ఎక్కువగా ల్యాబు పనులు. ఈ వెలుతురు చర్మం పైనుంచి మామూలుగా వేస్తే లోపల ఒక మిల్లీమీటరు దాకా చూడటమే గగనం. అక్కయ్య గడ్డ అంతకంటే లోతులో ఉంటుంది. ఇంకా లోతుకి చూసే పద్ధతుల మీద పని జరుగుతోంది కానీ, బయాప్సీ (సూదితో ముక్క తీసే ఆ పరీక్ష) బదులు వాడే స్థాయికి అవి రాలేదు.

రెండోది ముఖ్యం. బయాప్సీ "క్యాన్సర్ అవునా కాదా" అని మాత్రమే చెప్పదు. అవునంటే ఏ రకం, ఈస్ట్రోజెన్ రిసెప్టర్, హెర్2 అనే ప్రోటీన్లు ఆ కణాల్లో ఉన్నాయా అని చెబుతుంది. ఏ మందు ఇవ్వాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాకే సూది వేస్తారు. గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కానివే ఉంటాయి, అది తేలాలన్నా ఈ పరీక్షే దారి. అక్కయ్య భయాన్ని డాక్టరుకి నేరుగా చెప్పండి, వాళ్లు ఓపిగ్గా వివరిస్తారు. వాయిదా మాత్రం వేయకండి.

నిమ్మళంలేదు (బుధవారం, రాత్రి 9.05)

చదివి వినిపించాను మేడమ్. మత్తు ఇస్తారని దానికి తెలియదట. శుక్రవారం వెళ్తున్నాం.

తరంగం (బుధవారం, రాత్రి 10.10)

మేడమ్ అన్నదంతా నిజమే. అయితే ఈ రంగం అంతా గాజు మూపురాలే అనుకుని ఎవరూ వెళ్లిపోకండి. శరీరం తెరిచి ఉన్నప్పుడు, అంటే ఆపరేషన్ టేబుల్ మీద, లోతు గొడవే లేదు. మెదడు గడ్డల్లో ఇది నిజంగా పనికొస్తోంది.

2015లో మాంట్రియల్‌లో పెన్నులా చేత్తో పట్టుకునే రామన్ ప్రోబ్‌ని ఆపరేషన్ జరుగుతుండగానే మెదడుకి ఆనించి చూశారు. ఒక్కో చోట 0.2 సెకన్లు. 17 మంది రోగుల్లో క్యాన్సర్ ఉన్నచోట ఉందని 93 శాతం, లేనిచోట లేదని 91 శాతం సరిగ్గా చెప్పింది. 17 మందే కదా అంటారు, నిజమే. కానీ వాళ్లు మనుషులు, సెల్ లైన్లు కాదు. పైగా మెదడులో అంచు దగ్గర క్యాన్సర్ కణాలు మామూలు కణాల మధ్య చొరబడి ఉంటాయి, సర్జన్ కంటికి కనబడవు. మేడమ్ అడిగిన కష్టమైన తేడా అంటే అలాంటిదే.

ఆ తర్వాత 2020లో వచ్చిన స్టిమ్యులేటెడ్ రామన్ పని నాకింకా నచ్చింది. అందులో స్పెక్ట్రమ్ మొత్తం తీయరు. రెండు లేజర్లతో 2845 దగ్గర కొవ్వునీ, 2930 దగ్గర ప్రోటీన్, డీఎన్‌ఏలనీ మాత్రమే చూసి, తీసిన ముక్కని రంగులు వేసిన పాథాలజీ స్లైడ్‌లా తెర మీద చూపిస్తారు. 278 మంది రోగుల మీద పరీక్షించారు. ఆ బొమ్మలు చూసిన కంప్యూటర్ 94.6 శాతం, మామూలు పద్ధతిలో స్లైడ్లు చూసిన పాథాలజిస్టులు 93.9 శాతం. తేడా అంకెలో లేదు, టైములో ఉంది. రెండున్నర నిమిషాల లోపు తేలింది. ఫ్రోజెన్ సెక్షన్‌కి (ముక్కని గడ్డకట్టించి, కోసి చూసే పద్ధతికి) ఎంత పడుతుందో మేడమ్ చెప్పాలి.

సూక్ష్మదర్శిని (బుధవారం, రాత్రి 10.35)

అన్నీ కుదిరితే ఇరవై, ముప్పై నిమిషాలు. అంతసేపూ అవతల పుర్రె తెరిచి ఉంటుంది, సర్జన్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. ఆ పని నాకూ నచ్చింది. కారణం వేరు: అది నాకు ఒక అంకె పారేసి పొమ్మనలేదు, బొమ్మ ఇచ్చింది. కంప్యూటర్ తప్పు చెప్పినా నా కళ్లతో పట్టుకోగలను. మన రాత్రి_ల్యాబ్ ఎస్‌వీఎం ఖాళీ గాజుని కణం అన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టుకోలేరు, అడిగితే తప్ప.

ఎఫ్‌టీఐఆర్_అభిమాని (గురువారం, ఉదయం 7.50)

అందరూ రామనే అంటారేంటండీ? ఇన్‌ఫ్రారెడ్ (కణం ఎంత వెలుతురు మింగిందో కొలిచే పద్ధతి) వాడితే సిగ్నల్ ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది, కోటిలో ఒకటి కోసం ఎదురుచూడక్కర్లేదు.

తరంగం (గురువారం, ఉదయం 8.30)

బలమే, కాదనను. కానీ బతికున్న కణం నీళ్లలో ఉంటుంది. నీరు 1640 దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తుంది, సరిగ్గా అమైడ్-1 పక్కనే. ఎండబెట్టిన కణాల్లో ఇంకో తంటా. కణం సైజూ ఇన్‌ఫ్రారెడ్ తరంగం సైజూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి గుండ్రటి కణం వెలుతురుని విపరీతంగా చెదరగొట్టి, అమైడ్-1 పీక్‌ని పక్కకి లాగేస్తుంది. చూసేవాడు ప్రోటీన్ ఆకారమే మారింది అనుకుంటాడు. మారింది కణం గుండ్రం. మళ్లీ గాజు కథే, ఇంకో వేషంలో. కోసిన కణజాలం ముక్కలకైతే, పెద్ద విస్తీర్ణం వేగంగా చూడాలంటే, నేనూ ఇన్‌ఫ్రారెడ్ దగ్గరికే పోతాను.

డేటా_దాసు (గురువారం, ఉదయం 8.41)

సీరమ్ మీద చేసేవాళ్లకి కూడా ఒక మాట. రక్తంలో కెరోటినాయిడ్లు (క్యారెట్ లాంటి వాటిలోని రంగు పదార్థాలు) 1156, 1520 దగ్గర భలే పొడుగ్గా లేస్తాయి. అవి తినే తిండి నుంచి వస్తాయి. రోగికి ఆకలి చచ్చిపోయి సరిగ్గా తినకపోతే తగ్గుతాయి. మోడల్ "క్యాన్సర్" అని పట్టుకున్నది నిజానికి ఆకలి లేకపోవడం కావచ్చు.

రాత్రి_ల్యాబ్ (కొన్నాళ్ల తర్వాత, శనివారం, రాత్రి 9.30)

మళ్లీ వచ్చాను. చేసింది చెబుతాను.

గాజు మానేసి కాల్షియం ఫ్లోరైడ్ స్లైడ్లు తెప్పించుకున్నాను. దాని పీక్ ఒక్కటే, 322 దగ్గర, మనకి కావలసిన చోటుకి దూరంగా. ఖరీదుకి గైడ్ కాసేపు గునిశారు. (ఖాళీ గాజు గ్రాఫు చూపించాక సంతకం పెట్టారు. కోప్పడలేదు. ఐదు నిమిషాలు ఏం మాట్లాడకుండా గ్రాఫు చూసి, "నా పీహెచ్‌డీలోనూ గాజే వాడాను" అన్నారు.) రెండు రకాల కణాల్నీ రెండు రోజులు ఒకే మీడియంలో ఉంచి తీశాను. 10ఏకి అది పెద్దగా నచ్చలేదు, కొన్ని చచ్చాయి. స్లైడ్ల మీద పేర్లు లేకుండా జూనియర్‌తో నంబర్లు వేయించాను, ఏది ఏదో నాకు తెలియదు. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి తీశాను, రోజూ పొద్దున సిలికాన్ పీక్ 520.5 దగ్గర నిలబడిందో లేదో (పరికరం సరిగ్గా ఉందనడానికి గుర్తు అదే) చూసుకుని. మొత్తం ఆరు రోజులు. టెస్టు కూడా రోజుల వారీగా: ఐదు రోజులు ట్రైనింగ్, ఆరో రోజు పరీక్ష, అలా ఆరుసార్లు తిప్పాను.

98 కాస్తా 81 అయింది. లోడింగ్స్‌లో 1400 గుట్ట పోయింది. ఇప్పుడు తేడా చూపిస్తున్నవి 785, 1092, 1445, కొంచెం 1655. ఖాళీ స్లైడ్ ఇస్తే సగం అటు, సగం ఇటు చెబుతోంది, నమ్మకం 0.5 దగ్గర.

తరంగం (శనివారం, రాత్రి 9.48)

81 నాకు 98 కంటే ఎక్కువ. డీఎన్‌ఏ పీకులు వచ్చాయంటే కణంలోకి దిగావన్నమాట. అయితే ఒకటి చూడు: 785 పెరగడం క్యాన్సర్ వల్లేనా, లేక ఎంసీఎఫ్-7లో ఆ రోజు విభజనలో ఉన్న కణాలు ఎక్కువా? కణం విభజనకి సిద్ధమవుతుంటే డీఎన్‌ఏ రెట్టింపవుతుంది, మామూలు కణమైనా సరే.

రాత్రి_ల్యాబ్ (శనివారం, రాత్రి 9.55)

అన్నా, ఒక్క రాత్రయినా సంతోషంగా పడుకోనివ్వరా.

సూక్ష్మదర్శిని (శనివారం, రాత్రి 10.20)

పడుకో బాబూ. పొద్దున లేచి రెండు లైన్లనీ సీరమ్ లేకుండా ఒక రోజు ఉంచి, విభజన నెమ్మదించాక తీసి చూడు. అప్పుడు తేడా మిగిలితే మాట్లాడదాం.

నిమ్మళంలేదు (ఆదివారం, ఉదయం 10.05)

మేడమ్, రిపోర్టు వచ్చింది. ఫైబ్రోఎడినోమా అని రాశారు. క్యాన్సర్ కాదన్నారు. మీరు ఆ రోజు రాసిన పదమే కాబట్టి చూడగానే గుర్తుపట్టాను.

సూక్ష్మదర్శిని (ఆదివారం, ఉదయం 10.30)

చాలా సంతోషం అమ్మా. మళ్లీ చూపించుకోమన్న తేదీ మర్చిపోకండి.

రాత్రి_ల్యాబ్ (ఆదివారం, సాయంత్రం 6.00)

నా 40 ఖాళీ గాజు స్పెక్ట్రాలూ ఇక్కడి ఫైల్స్ విభాగంలో పెట్టాను. గాజు మీద, 785తో పనిచేసేవాళ్లు మీ మోడల్‌కి ఇచ్చి చూడండి.

గుప్తలేజర్ (ఆదివారం, రాత్రి 11.58)

ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతుంటానంతే. ఫైల్స్ దించుకుని మా మోడల్‌కి ఇచ్చాను. 40లో 37 "క్యాన్సర్, గ్రేడ్ 3". రేపు పదకొండింటికి గ్రూప్ మీటింగ్‌లో నా ప్రెజెంటేషన్. కాల్షియం ఫ్లోరైడ్ స్లైడ్లు ఏ సైజువి తెప్పించారో కాస్త చెబుతారా?